రెండు పొయ్యిలు, ఒకే ఆకాశం

శ్రీరామచంద్రుడు సీతాపహరణ వార్తను విన్న కొండ గనుక అది వినుకొండ అయినదని స్థలపురాణం. ఆ వార్తను చెప్పినవాడు వృద్ధుడైన జటాయువు. ముందడుగు వేయుటకు పూర్వం పెద్దల మాట వినవలెనన్న ధర్మం ఆ ఊరి పేరులోనే ఇమిడి ఉన్నది.

ఆ కొండ దిగువన ఇద్దరు సోదరులు తాతలనాటి పెంకుటిల్లును తొలగించి, క్రింద ఒకరు, పైన ఒకరు నివసించునట్లు మేడ కట్టదలచారు. మట్టిగోడలు వానకు కరుగుతున్నవి. దూలాలకు చెద పట్టినది. వారి మాతృమూర్తి ఇల్లు తీయుటకు అభ్యంతరం చెప్పలేదు. “ఇంతకాలం ఈ ఇంట ఒక్క పొయ్యే వెలిగింది నాయనా. ఇక రెండు వెలగాలా?” అని మాత్రం అడిగినది.

ఇల్లు పోవుచున్నదన్న దుఃఖం కంటె, కుటుంబం విడిపోవునేమోనన్న భయమే ఆ ప్రశ్నలో అధికం.

జీర్ణమైనదానిని విడుచుటకు శాస్త్రం అడ్డు చెప్పదు. విడుచు విధానాన్ని మాత్రం నేర్పుతుంది. కలపకై వృక్షాన్ని ఛేదించుటకు ముందు, దానిని ఆశ్రయించిన భూతాలకు బలి సమర్పించి, వేరొక నివాసానికి తరలుమని ప్రార్థించవలెనని వరాహమిహిరుడు బృహత్సంహితలో విధించాడు. మూడు తరాలకు ఆశ్రయమిచ్చిన గృహానికి ఆపాటి కృతజ్ఞత చెల్లదా? పలుగు వేయు ముందునాటి సాయంకాలం సోదరులిద్దరూ పాత గూటిలో దీపం వెలిగించి నమస్కరించారు.

ఇక పొయ్యి మాట. సోదరులు కలిసి ఉండవచ్చును, లేదా ధర్మకాంక్షతో వేరుగా ఉండవచ్చును. వేరైనచోట ధర్మం వృద్ధి పొందునని మనుస్మృతి నవమాధ్యాయం చెప్పుచున్నది. ఒకే పాకంతో జీవించువారికి దేవ, పితృ, ద్విజ పూజలు ఒక్కటే. విభక్తులైనచో అవి ఇంటింటా జరుగునని బృహస్పతి స్మృతి వివరణ. అనగా రెండవ పొయ్యి వలన మరొక దీపారాధన, మరొక అతిథికి అన్నం.

అయితే ‘ధర్మకాంక్షతో’ అన్న నియమమే ఇచట ప్రాణం. ఎవరి వాటా ఎంతయన్న లెక్కతో వెలిగిన పొయ్యి ఆకలిని తీర్చునేమో గాని ధర్మాన్ని పెంచదు.

కుండ పగిలినను అందలి ఆకాశం పగలదని గౌడపాదులు మాండూక్యకారికలో బోధించారు. ఆ దృష్టాంతం ఆత్మను గూర్చినది. అయినను గృహస్థునకు అందొక హెచ్చరిక ఉన్నది: ఇటుకల గోడ ఆకాశాన్ని విభజింపజాలదు, ‘నాది’ అన్న భావం మాత్రం ఒకే కప్పు క్రింద, ఒకే పొయ్యి చుట్టూ కూర్చున్నవారిని సైతం విభజింపగలదు. ఆ తల్లి భయపడవలసినది రెండవ పొయ్యిని చూచి కాదు; కుమారులు జాగ్రత్త వహింపవలసినదీ అచటనే.