కొంపల్లి మజిలీ

ఉత్తరాన్నుంచి హైదరాబాదు వచ్చే వాళ్ళెవరూ కొంపల్లిలో ఆగరు. ఊరు దగ్గరపడిందన్న తొందరలో ముందుకు పోతారు. నేనూ ఆగివుండేవాణ్ణి కాదు. మా సామాను మోస్తున్న లారీ ఆగింది.

ఉద్యోగ విరమణ చేసి, నిజామాబాదులో ముప్ఫయ్యేళ్ళు కాపరం చేసిన ఇల్లు ఖాళీ చేసి, బోయినపల్లిలో మా అబ్బాయి దగ్గరికి వస్తున్నాము. మా ఆవిడ ముందురోజే రైల్లో వెళ్ళిపోయింది. మంచాలు, బీరువా, రుబ్బురోలు, ట్రంకుపెట్టెలతో నేను లారీలో బయల్దేరాను. సామానుకు తోడు ఒక పెద్దమనిషి వుండాలని ఆవిడ అభిప్రాయం. లారీ కూడా పెద్దదే. దానికి పద్దెనిమిదేళ్ళు. దాని యజమానీ, డ్రైవరూ ఒక్కరే.

తూప్రానులో టీకి ఆగినప్పుడు అతను సీటు వెనకనుంచి డబ్బా తీసి ఎర్రటి నూనె ఎందులోనో పోశాడు. మేడ్చల్ దాటాక మళ్ళీ పోశాడు.

"ఇదేమిటోయ్, దీనికి కూడా పూటపూటకూ భోజనమా?" అన్నాను.

"స్టీరింగ్ ఆయిల్ సార్, కారుతున్నది. రెండు నెలల్ల రెండుసార్లు సీలు మార్పిచ్చిన. మళ్ల గదే కథ" అన్నాడు. అతనికి నవ్వు రాలేదు.

కొంపల్లి పొలిమేరలో లారీ కడుపులోంచి సన్నటి మూలుగు బయల్దేరింది. చక్రం తిప్పడానికి అతను రెండు చేతులూ, భుజాలూ ఉపయోగిస్తున్నాడు. ఎలాగో రోడ్డు పక్కకు దించి ఆపాడు. బోయినపల్లి గట్టిగా పది కిలోమీటర్లు లేదు.

మేడ్చల్ రోడ్డు పొడుగునా లారీ మెకానిక్కులకు కొదవ లేదు. రేకుల షెడ్డులోంచి ఒక ముసలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. హైదరాబాదు వాడుక ప్రకారం అందరికీ ఆయన "ఉస్తాద్". లారీ కింద ఒకసారి తొంగి చూశాడు. స్టీరింగు పెట్టె నిండా నూనె, మట్టి కలిసి తారులాగా పేరుకుని వుంది.

"ఉస్తాద్, కింద సీలు పోయింది. జర జల్దీ మార్చు. రేపు పొద్దుగాల నాగపూర్ లోడున్నది. గది పోతే ఈ నెల కిస్తీ కట్టలేను" అన్నాడు డ్రైవరు.

"నువ్వు డాక్టరువైతే నా దగ్గరికెందుకొచ్చినవ్ బేటా?" అన్నాడు ఉస్తాద్. డీజిలుతో పెట్టెనంతా కడిగించి గుడ్డతో పొడిగా తుడిపించాడు. "ఇప్పుడు సుద్దపొడి కావాలె" అన్నాడు. కుర్రవాడు వెదికాడు, లేదు. నాకు చప్పున మా ఆవిడ ట్రంకుపెట్టె జ్ఞాపకం వచ్చింది. అందులో ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా వుంది. ధర్మం కోసం కొంత సాహసం తప్పదు గదా! తీసి ఇచ్చాను. ఉస్తాద్ ఆ ఇనప పెట్టెకు పెళ్ళికూతురికి అద్దినంత శ్రద్ధగా పౌడరు అద్దాడు.

ఈ పెట్టె కథ కొంచెం చెప్పాలి. మా చిన్నప్పటి లారీ డ్రైవర్ల భుజాలు పహిల్వాన్ల భుజాల్లా వుండేవి. బరువెక్కిన ముందు చక్రాలను ఒంటి బలంతోనే తిప్పేవారు మరి! అమెరికాలో లారీలు తయారుచేసే కంపెనీలో పని చేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు ఈ బాధ చూసి, నూనె ఒత్తిడితో చక్రం తిప్పే ఉపాయం కనిపెట్టి 1926లో నడిపి చూపించాడు. అది అమ్మకపు కార్లలోకి వచ్చింది 1951లో. ఇంజను తిప్పే పంపు నూనెను తోస్తుంది. మనం చక్రాన్ని ఎటు తిప్పితే పెట్టెలోని కవాటం అటువైపు దారి తెరుస్తుంది. నూనె పిస్టన్ను నెడుతుంది. పిస్టను ఒక లావుపాటి ఇరుసును తిప్పుతుంది. ఆ ఇరుసు కొసన వేలాడే ఉక్కు చెయ్యి ముందు చక్రాలను లాగుతుంది. నూనె అయిపోతే చక్రం తిరగకపోదు; కాని ఆ బరువంతా మనిషి మీద పడుతుంది. నూనె లేకుండా తిరిగిన పంపు అరిగి పాడవుతుంది. ఇందాకటి మూలుగు దానిదే.

ఇంజను వేయించి, డ్రైవరు చేత చక్రం అటూ ఇటూ తిప్పిస్తూ ఉస్తాద్ టార్చిలైటుతో చూశాడు. "కొసదాకా తిప్పి పట్టుకోకు, నూనె కాగిపోతది" అని కేకేశాడు. నేను ఉత్సాహంకొద్దీ ఒక గొట్టం తడిమి చూడబోతే చెయ్యి పట్టి లాగేశాడు. ఒత్తిడిలో వున్న నూనె సన్నటి చిల్లులోంచి వస్తే సూదిలాగా చర్మంలోకి దిగుతుందట.

గొట్టాల అతుకులు పొడిగా వున్నాయి. పక్క మూత పొడి. పైనుంచి కడ్డీ దిగే చోటు పొడి. కింద ఇరుసు బయటికి వచ్చే చోట మాత్రం తెల్లటి పౌడరులో ఎర్రటి గీత మెల్లగా దిగింది.

"చెప్పిన గద! సీలే" అన్నాడు డ్రైవరు.

"సీలే కారుతున్నది. సీలెందుకు కారుతున్నది?" అన్నాడు ఉస్తాద్. ఇంజను ఆపించి, ఆ ఉక్కు చేతిని పట్టుకుని ఊపాడు. ఇరుసు కదలాల్సిన దానికన్న కొంచెం ఎక్కువగా ఊగింది. అంతే, ఆయన ముఖంలో వెతుకులాట అయిపోయింది.

చేతికీ, ఇరుసుకూ కలిసేలా ఒక గుర్తు కొట్టాడు, మళ్ళీ అదే పంటిలో కూర్చోవాలని. సుత్తి జోలికి పోకుండా పుల్లరుతో చేతిని ఊడదీశాడు. పెట్టెను దించి, బల్లమీద విప్పాడు. సన్నటి ఉక్కు కడ్డీలు పేర్చిన బేరింగు తుప్పుపట్టి అరిగివుంది. ఇరుసు ఊగినప్పుడల్లా సీలు పెదవి ఒకవైపు నలిగిపోతోంది. ఇరుసుమీద సీలు ఆనే చోట తుప్పు చుక్కలున్నాయి.

"తుప్పెక్కడిది?" అన్నాను.

ఉస్తాద్ ఇరుసు చివర ఖాళీగా వున్న చోటు చూపించాడు. అక్కడ దుమ్ము, నీళ్ళు లోపలికి పోకుండా ఒక రబ్బరు తొడుగు వుండాలి. అది ఎప్పుడో చిరిగి రాలిపోయింది. రెండు వానాకాలాల నీళ్ళు లోపలికి పోయాయి. సీలు మార్చినవాళ్ళు సీలే మార్చారు. తొడుగు సంగతి ఎవరూ చూడలేదు.

డ్రైవరు నేలమీద కూలబడ్డాడు. "ఇరుసు మారిస్తే నా పని ఖతం" అన్నాడు.

ఉస్తాద్ జవాబు చెప్పకుండా తుప్పు చుక్కల మీద గోటితో అడ్డంగా గీశాడు. ఒకసారి కాదు, చుట్టూ పదిసార్లు. మేమిద్దరం ఊపిరి బిగబట్టి ఆ గోరుకేసి చూశాము. "గోరు ఆగితే మార్చాలె. ఆగలేదు. సన్న కాయితంతో పాలిష్ చేస్తే సరిపోతది" అన్నాడు. డ్రైవరు లేచి నిలబడి ఆకాశానికి దణ్ణం పెట్టాడు.

బేరింగు, సీళ్ళు, తొడుగు తేవడానికి కుర్రవాడు మోటారుసైకిలు మీద సికిందరాబాదు రాణిగంజ్ వెళ్ళాడు. నేను వేపచెట్టు కింద నా రుబ్బురోలు మీదే కూర్చుని కొంపల్లిని చూశాను.

నా చిన్నతనంలో మా నాన్న ఈ రోడ్డుపక్కనే ద్రాక్షపళ్ళు కొన్నారు. అనాబ్ ఎ షాహి రకం. పందిళ్ళమీద లేతాకుపచ్చ గుత్తులు దీపాల్లా వేలాడేవి. ఇప్పుడా పందిళ్ళున్న చోట మేడలు, కల్యాణమంటపాలు, హోటళ్ళు వున్నాయి. అప్పట్లో ఇది 7వ నెంబరు రోడ్డు; 2010లో నెంబర్లు మార్చాక శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నెంబరయింది. 2016లో జిల్లా మారింది, 2018లో కొంపల్లి మునిసిపాలిటీ అయింది. మారనిది లారీల వరస ఒకటే. కాశ్మీరు ఆపిళ్ళు, పంజాబు బియ్యం, మన మిరపకాయలు ఈ దారినే పోతుంటాయి. ఆ బరువంతా చివరికి ఇద్దరు మనుషుల మీద ఆధారపడి వుంటుంది: చక్రం పట్టినవాడూ, రోడ్డుపక్క షెడ్డులోని వాడూ.

కుర్రవాడు వచ్చాక పని సాగింది. కొత్త సీలు చిరగకుండా ఇరుసు పళ్ళకు టేపు చుట్టి, పెదవికి గ్రీజు రాసి ఎక్కించారు. పాత నూనె పారబోసి, కొత్త నూనె పోసి, ముందు చక్రాలు జాకీమీద లేపి, మొదట ఇంజను ఆపేసే చక్రాన్ని చాలాసార్లు అటూ ఇటూ తిప్పారు. తరవాత ఇంజను వేసి, మెల్లగా తిప్పారు. నూనెలో నురగ పోయేదాకా వదల్లేదు. గాలి మిగిలితే మళ్ళీ మూలుగుతుందట. కింద అట్టముక్క పరిచి అరగంట కూర్చున్నాము. ఒక్క చుక్క పడలేదు.

డబ్బులిస్తూ డ్రైవరు, "ఇంతకుముందోళ్ళు ఇది చెప్పలే" అన్నాడు.

"నూనె పడే జాగా ఒకటి, కారే జాగా ఒకటి, కారణం ఇంకొకటి. నువ్వు సీలు మార్చమన్నవ్, వాళ్ళు మార్చిన్రు" అన్నాడు ఉస్తాద్.

చీకటి పడ్డాక ఇల్లు చేరాము. మర్నాడు సాయంత్రం డ్రైవరు నాగపూర్ నుంచి ఫోను చేసి, డబ్బా మూత తియ్యలేదని చెప్పాడు. ఆ వేళకు మా ఆవిడ పౌడరు డబ్బా చూసుకోవడం, నేను వివరణ ఇచ్చుకోవడం జరిగిపోయాయి.

అప్పుడే మా అబ్బాయి వంటింటి గోడమీద చెమ్మ మరక చూపించి, "రెండుసార్లు రంగు వేయించాం నాన్నా, మళ్ళీ వస్తోంది" అన్నాడు.

నేను గోడకేసి కాసేపు చూసి, "ఆ డబ్బాలో పౌడరేమైనా మిగిలిందా?" అని మా ఆవిడ నడిగాను.