ఊరికే ఇస్తాం, వచ్చి పట్టుకెళ్ళండి

ఇండియాకి మకాం మార్చేసే కుటుంబం ఒకటి ఇల్లు ఖాళీ చేస్తోందంటే చాలు, డల్లాస్ చుట్టుపక్కల మన వాట్సాప్ గ్రూపులకి ఊపిరాడదు. సోఫా, రైస్ కుక్కర్, పిల్లాడి మూడు చక్రాల సైకిలు, సగం వాడిన చింతపండు పొట్లం, తులసి మొక్క. అన్నిటికన్నా ముందు ఎగిరిపోయేది మాత్రం మిక్సీ. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, ఇండియాలో 230. ఇక్కడ ఎంత అపురూపంగా చూసుకున్న మిక్సీ అయినా విజయవాడ ప్లగ్గులో పెడితే పొగే. అందుకే అల్లం వెల్లుల్లి వాసన వదలని జార్లతో సహా కొత్తగా కాపురం పెట్టినవాళ్ళ ఇంటికి చేరుతుంది. మా ఇంట్లో పప్పులు పోసుకునే స్టీలు డబ్బా కూడా అలా వచ్చిందే. దాని మీద ఎవరింటి గృహప్రవేశానికో ఇచ్చినట్టు పేరూ తేదీ చెక్కి ఉన్నాయి. ఆ ఇల్లు ఏ ఊళ్ళో ఉందో తెలీదు గానీ, కందిపప్పు తీసినప్పుడల్లా ఆ ఇంటాయన పేరు చదువుతాను.

ఇలా ఊరికే ఇచ్చే గ్రూపులు అమెరికావాళ్ళకీ ఉన్నాయి. పనికొచ్చే సామాను చెత్తగుట్టల పాలు కాకూడదని అరిజోనాలోని టూసాన్‌లో డెరన్ బీల్ 2003లో ‘ఫ్రీసైకిల్’ మొదలుపెట్టాడు. పదేళ్ళ తర్వాత వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో రెబెకా రాక్‌ఫెల్లర్, లీసల్ క్లార్క్ అనే స్నేహితురాళ్ళు ‘బై నథింగ్’ పెట్టారు. అమ్మకం లేదు, మార్పిడి లేదు, ఇరుగుపొరుగు మధ్యే ఇచ్చిపుచ్చుకోవడం. ముందు అడిగినవాళ్ళకే ఇచ్చెయ్యకుండా కాస్త ఆగి, అడిగినవాళ్ళందరినీ చూసి ఎంచుకోవచ్చని అక్కడ ఒక పద్ధతి ఉంది. నాకది మింగుడుపడదు. ఒక పాత కుర్చీ కోసం నలుగురి కష్టాలు విని తీర్పు చెప్పడానికి మనమెవరం? మన గ్రూపుల్లో ఆ బాధ లేదు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు, ముందు ‘నాకక్కా’ అని పెట్టినవాళ్ళదే సీటు.

ఊరికే అంటే అనుమానమూ ఉంటుంది. ‘పనిచేస్తుందాండీ?’ అంటారు. అదే 5 డాలర్లంటే ‘కాస్త తగ్గించండి’ అంటారు. పరుపుల జోలికి మాత్రం ఎవరూ రారు, నల్లుల భయం. పక్క కిందికి జారే పిల్లల తొట్టిమంచాల అమ్మకం 2011లోనే ఇక్కడ నిషేధించారు, అవి ఊరికే కూడా ఇవ్వకూడదు. పిల్లల కారు సీటుకైతే గడువు తేదీ ఉంటుంది, చూసుకోవాలి.

ఇవ్వడం కన్నా తీసుకోవడమే మనకి కష్టం. ‘ఎవరో వాడింది మనకెందుకే’ అని భార్యని కసిరే మొగుళ్ళని చూశాను. పురిటిబిడ్డకి మెత్తగా ఉంటుందని మొదట పాతబట్టే వేస్తాం, అన్న చొక్కా తమ్ముడికి తొడుగుతాం, ఒకే ఉయ్యాల చుట్టాలిళ్ళన్నీ తిరుగుతుంది. అప్పుడు లేని నామోషీ ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గరికొచ్చేసరికి పుట్టుకొస్తుంది. దానికి విరుగుడు మనవాళ్ళే కనిపెట్టుకున్నారు. పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నెని ఖాళీగా తిరిగి పంపని జాతి కదా, ఊరికే వచ్చే కుర్చీకైనా ఖాళీ చేతులతో రారు. డజను అరటిపళ్ళో, పెరటి కరివేపాకో పట్టుకొస్తారు. బదులు పుచ్చుకోకూడదన్న అమెరికా నియమం ‘పిల్లలకండీ’ అన్న ఒక్క మాటతో కొట్టుకుపోతుంది. ఇచ్చేవాళ్ళు వద్దు వద్దంటూనే పుచ్చుకుంటారు. పుచ్చుకోవాలి కూడా. అప్పుడుగాని వచ్చినాయన కుర్చీలో ధీమాగా కూర్చోలేడు.

మొన్న మా పక్కింటివాళ్ళు సర్దుకుంటుంటే పుస్తకాల అల్మారా కోసం ఒక కుర్రాడు సంచీ నిండా గోంగూరతో వచ్చాడు. టెక్సస్ ఎండకి గోంగూర గుంటూరులో కన్నా ఏపుగా పెరుగుతుంది. అల్మారా కారులోకి ఎక్కించాక గుమ్మంలో నిలబడి హాలంతా ఓసారి కలయజూశాడు.

‘అక్కా, ఆ టీవీ స్టాండు ఎవరికైనా చెప్పారా?’

‘లేదు నాన్నా. కానీ విమానం ఎక్కేదాకా టీవీ దాని మీదే ఉండాలి, మావయ్యగారి సీరియళ్ళు అవ్వాలిగా.’

‘పర్లేదక్కా, ఆదివారం వస్తా. దొండకాయలు తింటారా?’