చైత్రంలో అరకు సంత

అరకు అంటే మనవాళ్ళకి కార్తీకం, మార్గశిరం. వలిసె పూల పసుపులో ఫొటోలు దిగి, బొంగు చికెన్ తిని, మంచు విడిచేలోగా కొండ దిగొచ్చేస్తారు. వంట తెలిసినవాడు మాత్రం చైత్రంలో వెళ్ళాలి. కాఫీ తోటలు తెల్లగా పూసి గుప్పుమంటుంటాయి. పట్నం మెనూల్లో పేరైనా కనబడని సరుకు సంతలో కుప్పలు పడి ఉంటుంది.

విశాఖలో ఒక హోటల్ వంటశాల చూసుకునే మిత్రుడు ఈ కాలంలో పనిగట్టుకుని ఇక్కడికొస్తాడు. ఈసారి నేనూ తోడు బయల్దేరాను. శృంగవరపుకోట దాటి, అనంతగిరి ఘాటీ మీదుగా 115 కిలోమీటర్ల దారి.

సంతలో తక్కెడ కన్నా పోగులదీ సోలలదే రాజ్యం. ఆడవాళ్ళు తమలో తాము ఆదివాసీ ఒడియా మాట్లాడుకుంటూ, బేరానికి మాత్రం తెలుగులోకి వస్తారు. చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు వరసగా ఉన్నాయి. అటవీ ఫలసాయం కొనడానికి 1956 నుంచీ గిరిజన సహకార సంస్థ ఉంది. మావాడు అటు చూడనైనా లేదు. "నిలవుండే సరుకు ఎప్పుడైనా దొరుకుతుంది. ఎల్లుండికి ఉండనిదేదో అది చూద్దాం పద" అన్నాడు.

ఇప్పపువ్వు దగ్గర ఆగాం. లేతపసుపు రంగు, ఒళ్ళంతా కండ. నొక్కితే వేలికి జిగటగా అంటుకుంది. ఈ పువ్వు రాత్రి పూట రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకులు ముందే ఊడ్చో, కాల్చో నేల శుభ్రం చేసుకుని, తెల్లవారుజామున ఏరతారు. మావాడు ఒక పువ్వు తీసి, లోపలి కేసరాలు దులిపి నోట్లో వేసుకున్నాడు. నేనూ వేసుకున్నాను. ముందు చిక్కటి తీపి, దాని వెనకే ఒక ఘాటు అడవి వాసన. "ఇయ్యాలే వండేసుకో బాబూ, పొద్దుగూకితే పులిసిపోద్ది" అంది అమ్మే మామ్మ. ఎండబెడితే మాత్రం కిస్‌మిస్‌లా ముడుచుకుని నెలల తరబడి ఉంటుంది. సారా పేరు చెప్పి పట్నం వంటశాలలు ఈ పువ్వుని దూరం పెట్టడం నాకు వింతగా ఉంటుంది. ద్రాక్షపండుని ఎవరూ అలా వెలివేయలేదు కదా!

చింతచిగురు బేరానికి ఎక్కువ సేపు పట్టింది. మావాడు పోగు పైపైన చూడడు, అడుగునుంచి గుప్పెడు తీస్తాడు. ఎర్రజీర ఇంకా పోని చిగురు కావాలి. పూర్తిగా పచ్చబడితే ఈనె గట్టిపడుతుంది. రెండు అరచేతుల మధ్య నలిపితే ఆకు రాలిపోయి పుల్ల చేతిలో మిగలాలి. మిగిలిన పుల్లలు మరీ లావుగా ఉన్నాయని ఒక పోగు వదిలేశాడు. నచ్చిన చోట బేరమే ఆడలేదు. చిటారుకొమ్మల దాకా ఎక్కి కోసే చిగురు ఇది. ఎక్కేవాళ్ళూ తగ్గిపోతున్నారు. నన్నడిగితే వాళ్ళు అడిగే ధర తక్కువే.

మామిడి పిందెలు మాత్రం దొరకలేదు. అడిగితే ఒకావిడ నవ్వి, "పండగవ్వలేదు" అంది. చైత్ర పండగలో దేవతకి పెట్టనిదే వీళ్ళు కొత్త మామిడి ముట్టరు. ఆ పండగ రోజుల్లో మగవాళ్ళు వేటకి పోతే, ఆడవాళ్ళు దారికి అడ్డంగా దుంగ పెట్టి వచ్చేపోయే బండ్లని ఆపి డబ్బులు పుచ్చుకుంటారు. పిందెలు వారం ముందు ఇమ్మని మావాడు మళ్ళీ అడగలేదు.

చిగురుని తడిగుడ్డ పరిచిన వెదురుబుట్టలో వదులుగా పోసి, పైన అడ్డాకులు కప్పాం. అదిమి కూరితే వేడెక్కి కిందికి చేరేలోగా నల్లబడుతుంది. ఘాటీ మలుపులో సిగ్నల్ అందగానే మావాడు వంటశాలకి ఫోన్ చేశాడు.

"కందిపప్పు ఉడకేసి ఉంచు. చిగురు చివర్న వేద్దాం, ముందే వేస్తే పులుపుకి పప్పు ఉడకదు. మటన్ కూడా సగం ఉడికించి పెట్టు. గోంగూర మటన్ కొట్టేసి చింతచిగురు అని రాయి."

అవతలివాడు రేపటి మెనూలో కూడా రాయమంటావా అని అడిగినట్టున్నాడు.

"ఈ రోజుకే. నలభై ప్లేట్లు. అయిపోతే అయిపోయిందని చెప్పు."