దాచేపల్లి చలికాలం: కల్లం మీద మంచు, దారి మీద మంచు

పల్నాడు అనగానే అందరికీ ఎండే గుర్తొస్తుంది. గురజాల డివిజన్‌లోని రెంటచింతల, మే నెలలో 45 డిగ్రీలు దాటిన ఎండతో తరచూ పత్రికలకెక్కుతుంది. అదే డివిజన్‌లోని దాచేపల్లికి మాత్రం ఏడాది మొత్తంలో అసలైన సందడి చలికాలంలోనే. పత్తి తీతలు, మిర్చి కోతలు, కారంపూడి తిరునాళ్లు, సంక్రాంతికి ఇంటికొచ్చే జనం, అన్నీ కార్తీకం నుంచి మాఘం లోపలే. ఊరి మీదుగా బండ్లు ఎక్కువగా తిరిగేదీ, తెల్లవారుజామున ఎదుటి బండి కనిపించనిదీ ఈ నెలల్లోనే.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడిన పల్నాడు జిల్లాకు దాచేపల్లి ఉత్తరపు వాకిలి. నల్గొండ, మిర్యాలగూడ దాటి వాడపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కితే, అవతలి ఒడ్డు పొందుగల. అక్కడి నుంచి కాసేపటికే దాచేపల్లి, ఆ తర్వాత సున్నపు బట్టీల పిడుగురాళ్ల. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి వైపు సాగే ఈ దారిలో హైదరాబాద్ నుంచి నరసరావుపేట, అద్దంకి, ఒంగోలు వెళ్లే కార్లు, సిమెంటు లారీలు, పత్తి ట్రాక్టర్లు కలిసే నడుస్తాయి. ఊరికి ఆనుకున్న నడికుడి రైల్వే జంక్షన్‌లో సికింద్రాబాద్–గుంటూరు లైను నుంచి మాచర్ల లైను చీలుతుంది. పండగ రోజుల్లో విజయవాడ హైవే కిక్కిరిసినప్పుడు, గుంటూరు వైపు వెళ్లేవాళ్లలో చాలామంది వాడపల్లి దారే పడతారు.

ఇక్కడి చలి మరీ కొరికేది కాదు. పగలు 30 డిగ్రీల దాకా ఎండ కాస్తుంది. రాత్రికి అది సగానికి దిగితే జనం దుప్పట్లు తీస్తారు. అదే జనవరిలో విశాఖ మన్యంలోని లంబసింగిలో, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, గడ్డి మీద మంచు గడ్డకట్టిన రోజులున్నాయి. ఆదిలాబాద్‌లో ఒంటి అంకె డిగ్రీలు మామూలే. నెల్లూరు తీరానికి చలికాలం అంటే ముందుగా ఈశాన్య రుతుపవనాల వానలు, నీళ్లు నిలిచిన రోడ్లు. పల్నాటికి వచ్చే చిక్కు పొగమంచుతో. గాలి ఆగి, ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడి త్వరగా పైకి పోతుంది. కృష్ణ, పులిచింతల ప్రాజెక్టు వెనక జలాలు, నాగులేరు వాగు, నాగార్జునసాగర్ కుడి కాలువ కింద తడిసిన పొలాలు గాలికి తేమనిస్తాయి. ఆ తేమ నేలకు దగ్గరగా చిక్కబడి, పొద్దెక్కేదాకా కదలదు.

ఈ మంచుతో మొదట తంటాపడేది రైతు. మంచుకు తడిసిన పత్తి తీస్తే తూకం పెరగొచ్చు గానీ దూది రంగు మారుతుంది, ధర పడిపోతుంది. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో 8 శాతం తేమ దాటితే ధరలో కోత, 12 దాటితే సరుకు కొనరు. అందుకే కూలీలు చేలోకి దిగినా ఆకుల మీద నీళ్లు ఆరేదాకా గట్టున కూర్చోవాల్సి వస్తుంది. మిర్చి సంగతి ఇంకా సున్నితం. ఎర్రగా పండిన కాయను కల్లంలో పలుచగా పరిచి రోజుల తరబడి ఎండబెడతారు. సాయంత్రం పోగుచేసి పట్టాలు కప్పాలి, పొద్దెక్కాక మళ్లీ విప్పాలి. ఒక్క రాత్రి కప్పడం మరిచినా కాయ తెల్లబారి తాలు కింద జమ అవుతుంది. ఏడాది చాకిరీ చివరికి కల్లం మీది ఆ పట్టా మీద ఆధారపడుతుంది. అంతా సవ్యంగా ఎండితే టిక్కీలకు, అంటే బస్తాలకు ఎత్తి గుంటూరు యార్డుకు పంపుతారు.

వాయుగుండం వచ్చిందంటే పట్టాలు కూడా చాలవు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి, పత్తి, పొగాకు, వరి చేలు నీట మునిగాయి.

కూలీల మాట చెప్పకుండా ఈ కాలం కథ పూర్తి కాదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ఏటా వేల కుటుంబాలు పిల్లలతో సహా గుంటూరు, పల్నాడు పొలాలకు పత్తి తీతకు, మిర్చి కోతకు తరలివస్తాయి. చాలామంది పొలం పక్కనే పట్టాల గుడిసెల్లో ఉంటారు. వాళ్లు లారీల్లో, ట్రక్కు ఆటోల్లో సామానుతో కలిసి ప్రయాణించేది ఈ మంచు నెలల్లోనే. చలి ఎక్కువగా సోకేది వాళ్లకే, దారిలో ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్నదీ వాళ్లకే. ఈ ప్రాంతపు పంట లెక్కల్లో దిగుబడి ఉంటుంది, ధర ఉంటుంది, ఈ ప్రయాణం మాత్రం కనిపించదు.

కార్తీక అమావాస్యకు కారంపూడిలో పల్నాటి వీరుల తిరునాళ్లు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు, ఇలా అయిదు రోజులూ ఒక్కో పేరుతో జరుగుతాయి. దాచేపల్లి మీదుగా పారే నాగులేరే కారంపూడి పక్కనా పారుతుంది. తెలంగాణ వైపు నుంచి వాడపల్లి వంతెన మీదుగా తిరునాళ్లకు వచ్చేవాళ్లకు దారి దాచేపల్లే. కార్తీక స్నానాలకు కృష్ణ, మూసీ కలిసే వాడపల్లి సంగమానికి వెళ్లేవాళ్లూ ఇదే రోడ్డెక్కుతారు, చాలామంది చీకటితోనే.

ఆ వేళ దారిని కమ్మే మంచుకూ కొలతలున్నాయి. వాతావరణ శాఖ లెక్క ప్రకారం చూపు వెయ్యి మీటర్ల లోపు ఆనితే పొగమంచు, 200 మీటర్ల లోపైతే దట్టమైనది, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. అంటే అతి దట్టమైన మంచులో ముందున్నదేదో కనిపించాక డ్రైవరుకు మిగిలేది రెండు సెకన్లు. ఆ ముందున్నది వెనక దీపం లేని పత్తి ట్రాక్టరు అయితే ఆ రెండు సెకన్లూ చాలవు. హైబీమ్ వేస్తే వెలుగు మంచుకే తగిలి కంట్లోకి తిరిగొస్తుంది. లోబీమే దారి చూపుతుంది.

కాబట్టి డిసెంబరు, జనవరిలో వాడపల్లి మీదుగా వచ్చేవాళ్లు కృష్ణ వంతెన దగ్గరికి పొద్దెక్కాకే చేరేలా బయలుదేరాలి. దారిలో మంచు కమ్మితే రోడ్డు అంచున బండి ఆపకుండా, ఏ డాబా ఆవరణలోకో పెట్రోలు బంకులోకో పోయి ఆగాలి. ట్రాక్టర్ ఉన్న రైతులు ఈ సీజన్‌లో మొదటి టిక్కీ ఎత్తకముందే ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టరు పట్టీ అతికించండి.