మూడు ఊళ్లు... మూడు పంక్తులు!

ముహూర్తాలన్నీ ఒకే రోజు ఎందుకు పడతాయో పంతులుగార్లకే తెలియాలి! మొన్న మాఘమాసంలో నాకు అలాంటి రోజే ఒకటి తగిలింది. పొద్దున సూర్యాపేటలో పెళ్లి, మధ్యాహ్నం కోదాడలో గృహప్రవేశం, రాత్రికి మిర్యాలగూడలో ఇంకో పెళ్లి విందు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు డ్యూటీ. ఇంటి ప్రతినిధిగా నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు!

అమ్మ మూడు కవర్లు చేతిలో పెట్టింది. మొదటి రెండింటి మీద పేర్లు రాసి ఉన్నాయి. మూడోది ఖాళీ. "అది నీ దోస్తు చెల్లె పెళ్లిది. ఎంత పెడతవో నీ ఇష్టం" అంది. అదిగో, అక్కడే నా గుండె గతుక్కుమంది.

ఎందుకో చెబుతాను. సూర్యాపేటకు రాకముందు మేం మిర్యాలగూడలో ఉండేవాళ్లం. వాడూ నేనూ ఇంటర్ దాకా ఒకే బెంచీ. వాళ్ల నాన్న రైస్ మిల్లులో హమాలీ. నాలుగేళ్ల కిందట ఓ పెద్ద హీరో సినిమా మొదటి రోజు ఇద్దరం టికెట్ల లైన్‌లో నిలబడ్డాం. నాకు బాల్కనీ కావాలి. వాడు జేబులో డబ్బులు లెక్కపెట్టుకుని "కింద కూసుందాం రా, బొమ్మ అదే గదా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "మూటలు మోసెటోని కొడుకువి, నీకు బాల్కనీ సంగతి ఏం తెలుస్తదిలే!" అన్నాను. లైన్ లైనంతా నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు. మారుమాట లేకుండా లైన్‌లోంచి తప్పుకుని వెళ్లిపోయాడు. అంతే! ఆ తరువాత వాడూ మాట్లాడలేదు, నేనూ ఫోన్ చేయలేదు.

పది రోజుల కిందట ఆ హమాలీ నాన్నే బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. పసుపు పూసిన శుభలేఖ నా చేతిలో పెట్టి "నువ్వు రాకుంటే మావోడు ఊకోడు బిడ్డా" అన్నాడు. ఆయనకు ఆ మాట తెలుసో తెలియదో! తల ఎత్తి ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

సరే, సూర్యాపేట పెళ్లికి వద్దాం. ఈ రోజుల్లో పెళ్లికి పెద్ద పంతులుగారు కాదు, కెమెరామెన్! "అమ్మా, తలంబ్రాలు ఇంకోసారి పొయ్యండి, ఫోకస్ తప్పింది" అంటాడు. పైన డ్రోను జుయ్యిమని తిరుగుతుంటే అక్షింతలు ఎటు వెయ్యాలో అర్థం కాలేదు. మంగళసూత్రం కడుతున్నప్పుడు నాకు కనిపించింది కెమెరామెన్ వీపు ఒక్కటే. కట్నం రాయించి, ఇంత పులిహోర తిని, విజయవాడ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాను.

కోదాడ చేరేసరికి వ్రతకథ అయిపోయింది. ప్రసాదం మాత్రం దొరికింది, నా అదృష్టం! కొత్త ఇంటి వరండాలో మా తాతయ్య పిల్లలను కూర్చోబెట్టుకుని కాంతారావు ముచ్చట్లు చెబుతున్నాడు. 'కత్తి' కాంతారావు ఎవరనుకున్నారు? కోదాడ పక్కనే ఉన్న గుడిబండ బిడ్డ! జానపద చిత్రాల్లో కత్తి దూస్తే హాలు దద్దరిల్లేది. 1963లో వచ్చిన 'లవకుశ'లో లక్ష్మణుడు ఆయనే. సొంతంగా సినిమాలు తీసి ఆస్తులు పోగొట్టుకున్నాడు. 2009లో కన్నుమూశాడు. ఆ కబుర్లు చెబుతుంటే తాతయ్య కళ్లు మెరుస్తాయి.

నేను మాత్రం భోజనమయ్యాక కూడా అక్కడే తచ్చాడుతున్నాను. చీకటి పడితే "బస్సు దొరకలేదు" అని తప్పించుకోవచ్చు కదా! తాతయ్య కనిపెట్టేశాడు. "మిర్యాలగూడ పోవాలన్నవు, ఇంకా ఈడనే ఉన్నవేందిరా?" అన్నాడు. పక్కకు తీసుకెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"సినిమాల కత్తిదెబ్బ తిన్నోడు, డైరెక్టరు కట్ అనంగనే లేచి ఛాయ్ తాగుతడు. మాటదెబ్బ అట్ల గాదురా. కొట్టినోడే పోయి చెయ్యి ఇయ్యాలె. నడువ్, బస్సు పోతది."

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా బస్సు సాగింది. దారి పొడుగునా సాగర్ ఎడమ కాలువ నీళ్లు తాగి పచ్చగా ఊగుతున్న వరిపొలాలు. 2016లో జిల్లాలు మార్చినప్పుడు సూర్యాపేట, కోదాడ ఒక జిల్లాకు పోయాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. మా ఇద్దరి సంగతీ అంతే అయిందనుకున్నాను. ఇంతలో మిల్లుల్లోంచి ఉడికిన వడ్ల వాసన కిటికీలోకి కొట్టింది. మిర్యాలగూడ వచ్చేసింది!

షామియానా ముందే వాడి నాన్న ఎదురొచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకుని "వచ్చినవా బిడ్డా! కార్డుల మీద పేర్లు రాసేటప్పుడు మావోడు మొదలు నీ పేరే రాసిండు. నాలుగేండ్ల సంది ఏమాయె అని అడిగితే, నువ్వు చదువుల పడి తీరిక లేకున్నవని చెప్పెటోడు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నేనన్న మాట వాడు ఇంట్లో చెప్పనే లేదు! నాన్న మనసు నొప్పించకుండా, నా పరువు పోకుండా, నాలుగేళ్లు ఒక్కడే మోశాడు.

వాడు వంటల దగ్గర చెమటలు కక్కుతున్నాడు. దగ్గరికెళ్లి "రేయ్... ఆ రోజు లైన్‌ల..." అని మొదలుపెట్టాను. వాడు నా వంక ఒక్క క్షణం చూసి, "ముందు అన్నం గంప పట్టు. పంక్తి కూసున్నది" అన్నాడు.

చెరో వైపు పట్టుకున్నాం. నాలుగడుగులకే నా చెయ్యి జారింది. వాడి నాన్న పరుగెత్తుకొచ్చి గంపకు చెయ్యి వేసి నవ్వాడు. "చేతులతోని గుంజితే రాదు బిడ్డా. మోకాళ్లు వంచి, ఒంటికి ఆనించుకోని లేపాలె." నేర్చుకున్నాను. మూడు పంక్తులు వడ్డించాం. చివరి పంక్తిలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం.

"ఆ రోజు అన్న మాట తప్పురా. నన్ను మన్నించు" అన్నాను. పచ్చిపులుసు పోసుకుంటూ వాడు చాలాసేపు ఏమీ అనలేదు.

"బాధయింది. అబద్ధమెందుకు?" అన్నాడు చివరికి. "అది సరే, సినిమా ఎట్లుండె? ఇప్పటిదాక చెప్పనే లేదు నువ్వు!"

"ఏమో రా, ఇంటర్వెల్‌కే లేచి బయటికొచ్చిన."

వాడు పకపకా నవ్వాడు. "అయితే ఇద్దరికీ బాకీ ఉన్నదన్నట్టు!"

వచ్చే శుక్రవారం కొత్త బొమ్మ పడుతోంది. ఇద్దరం వెళ్తున్నాం. ఏ క్లాసు టికెట్టో ఇంకా ఎవరం అడగలేదు.