ఈ ఖబర్‌కు రావీ ఎవరు?

మౌలాలిలో మా బావమరిది ఇంట్లో ఇత్వార్ నాడు అసర్ నమాజ్ అయినంక పిల్లలు పోగవుతరు. తొమ్మిది, పది చదివే ఏడుగురు. అందరూ గుట్ట కింది గల్లీల పిల్లలే. పేరుకు తెలుగు ట్యూషన్. నెల నుంచి మేం చదువుతున్నది మాత్రం వాట్సాప్.

మొదటిరోజు ఒక పాత వీడియో చూపించిన. బైక్ మీద ఇద్దరొస్తరు. గల్లీలో ఆడుకుంటున్న ఒక బాబును ఎత్తుకొని ఉడాయిస్తరు. అంతే.

"ఇది ఎక్కడిది?" అని అడిగిన.

"ఓల్డ్ సిటీ" అన్నడు ఒకడు. "బయటి రాష్ట్రం గ్యాంగ్" అన్నది ఇంకో పిల్ల. చూసినట్టే చెప్పిండ్రు.

వీడియోను ఆపి, స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకమన్న. కాసేపటికి అసలు సంగతి దొరికింది. అది కరాచీలో పిల్లల హిఫాజత్ కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు దాంట్లో బైక్ వాళ్ళు తిరిగొచ్చి బాబును దించుతరు. పిల్లలను ఎత్తుకపోవడానికి ఒక్క క్షణం చాలని ఉర్దూలో రాసిన అట్ట చూపిస్తరు. ఎవరో ఆ చివరి ముక్కను కోసేసి లోకం మీదికి వదిలిండ్రు. ఉర్దూ మీడియంలో చదివినోన్ని, ఆ అట్ట కనబడితే ఒక్క చూపులో చదివేటోన్ని. కోత పడింది సరిగ్గా మనం చదవగలిగిన చోటనే.

2018లో ఈ వీడియో మన ఫోన్లన్నీ తిరిగింది. పిల్లలను ఎత్తుకపోయేటోళ్ళు వచ్చిండ్రని అఫ్వా. ఆ మే నెలలో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులైలో మన హైదరాబాద్ నౌజవాన్ ఒకరు దోస్తులతో బీదర్ జిల్లాకు పోయిండు. వాళ్ళు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిండ్రు. అదే ఖుసూర్ అయింది. కారులో తప్పించుకపోతుంటే, వాళ్ళకంటే ముందు మెసేజ్ ముర్కి ఊరికి చేరింది. రోడ్డుకు అడ్డం పడ్డరు. అతను ఇంటికి రాలేదు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఐదుకు కట్టడి చేసింది.

పిల్లలకు ఇంకో మాట కూడా చెప్పిన. ఆ వీడియోను మా ఖాందాన్ గ్రూపులో పెట్టింది మా పెద్ద ఖాలా. జర్నలిస్టును, అది ఝూట్ అని నాకు తెలుసు. పెద్దావిడ బురా మానుతుందని చుప్ కూర్చున్న. ఆమె మెసేజ్‌కూ బీదర్ చావుకూ తాల్లూఖ్ లేదు. అయినా ఆ ఖామోషీ ఇప్పటికీ గుచ్చుతది.

ఖబర్ వస్తే తహ్ఖీఖ్ చేయమని, తెలియక ఎవరికో నష్టం చేసి తర్వాత పశ్చాత్తాప పడొద్దని సూరా హుజురాత్ చెబుతది. మన ముహద్దిసీన్ ఒక్క హదీసు కోసం రావీలందరినీ జల్లెడ పట్టిండ్రు: ఎవరు చెప్పిండ్రు, ఎవరి నుంచి విన్నరు, వాళ్ళు నిజంగా కలిసిండ్రా, మాట మీద నిలబడే మనిషేనా. ఆ ఇల్మ్ వారసులం, మనం ఫార్వర్డ్ బటన్ దగ్గర అదంతా మరిచిపోతున్నం.

పిల్లలకు మూడు సవాళ్ళే ఇచ్చిన. మొదట చెప్పింది ఎవరు? ఇది పూర్తిగా ఉందా, కోసిందా? వేరే ఎవరైనా, తమంతట తాము చూసి, ఇదే చెప్పిండ్రా?

మూడోది కష్టం. మన గుట్ట కింద పండుకున్న మహ్‌లఖా బాయి చందా గురించి వెతికించిన. ఉర్దూలో దీవాన్ ఉన్న మొదటి మహిళ అని పేజీ మీద పేజీ అంటది. లుత్ఫున్నిసా ఇంతియాజ్ దీవాన్ అంతకంటే ముందుదని పరిశోధకులు చూపిండ్రు. పది పేజీలు ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటే పదిమంది గవాహ్‌లు కారు, ఒక్కరే.

పోయిన వారం ఒక పిల్ల అడిగింది: "చాచా, మా నానీ పంపితే? ఆమెకు ఝూట్ అని ఎట్ల చెప్పాలె?"

నాకు జవాబు రాలేదు. ఆ సవాల్ దగ్గరే కదా నేను 2018లో ఓడిపోయింది.

పక్కనున్న పిల్లోడు అన్నడు: "ఝూట్ అనొద్దు. 'నానీ, ఇది మీకు ఎవరు పంపిండ్రు?' అని అడుగు. ఆమె వాళ్ళను అడుగుతది."

అదబ్ పోలేదు, ఖబర్ ఆగింది. ఆ రాత్రి మా ఖాలాకు ఫోన్ చేసిన.