వందో టెస్టు
చేగుంట బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ నాయినా నేనూ ఎన్నిసార్లు కొట్లాడుకున్నామో! అజారుద్దీన్ గొప్పా, లక్ష్మణ్ గొప్పా? ఇద్దరూ హైదరాబాదీలే, ఇద్దరిదీ మణికట్టు మాయే. నాయినవి 1984-85లో ఈడెన్ గార్డెన్స్‌లో మొదలై మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. నాది అదే మైదానంలో 2001 నాటి 281. సగటులు 45.03, 45.97. పరుగు తేడా కూడా లేదు.

వాదనలో ఓడిపోతున్నాననిపిస్తే నేను "మరి 2000లో నిషేధం సంగతేంది?" అనేవాణ్ణి. నాయిన గ్లాసు పక్కన పెట్టి లేచిపోయేవాడు.

2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. గెలిచినట్టేగా అని ఫోన్ చేస్తే, "గిప్పుడు జెప్తే ఏం లాభం బిడ్డా, ఆట ఒడిసిపాయె" అన్నాడు.

అజర్ చివరి టెస్టులో 102 కొట్టాడు. అది తొంభై తొమ్మిదోది. నాయిన ఎదురుచూసింది ఆ తర్వాతిదాని కోసం. నేనేమో సగటులు లెక్కపెడుతూ కూర్చున్నా.